సముద్రం దాటిన డేరా: రఘుపతి వెంకయ్య

కామారెడ్డి బస్టాండులో ఎల్లారెడ్డి బస్సు కోసం ఓ అరగంట నిలబడితే చాలు, పక్కవాళ్ళ మాటల్లో దుబాయి, మస్కట్, బహ్రెయిన్ పేర్లు వినబడుతాయి. ఎవరి తమ్ముడో పోయిండు, ఎవరి బావో తిరిగొచ్చిండు. పరాయి దేశం మన ప్రాంతానికి కొత్త కాదు. ఐతే రెక్కల కష్టం నమ్ముకొని పోవడం వేరు, ఒక యంత్రాన్నీ, ఒక వ్యాపారాన్నీ వెంటబెట్టుకొని పోవడం వేరు. మన విద్యార్థి మిత్రుల్లో కంప్యూటర్ వ్యాపారం పెట్టాలనీ, దాన్ని పక్క దేశాలకూ విస్తరించాలనీ కలలు కనేవారు ఉన్నారు. అట్లాంటి వారు తప్పక తెలుసుకోవలసిన తెలుగువాడు రఘుపతి వెంకయ్య నాయుడు.

తెలుగు సినిమాకు పితామహుడని ఆయన్ని అంటాం. ఆ బిరుదు చాటున ఆయనలోని వ్యాపారి మరుగునపడి పోయాడు.

వెంకయ్య పుట్టింది మచిలీపట్నంలో. బ్రహ్మసమాజ నాయకుడిగా, 1925 నుండి మద్రాసు విశ్వవిద్యాలయం ఉపాధ్యక్షుడిగా పేరుపొందిన రఘుపతి వెంకటరత్నం నాయుడు ఈయన సోదరుడు. అన్నదమ్ములలో ఒకరు చదువుల దారి పడితే, ఇంకొకరు యంత్రాల దారి పట్టారు. వెంకయ్య చిన్న వయసులోనే మద్రాసు చేరి ఫోటోగ్రఫీలో చెయ్యి తిరిగినవాడై, మౌంట్ రోడ్డులో స్టూడియో పెట్టుకున్నాడు. ఆ రోజుల్లో ఫోటో తీయించుకోవడమంటే ఇంట్లో శుభకార్యమంత సంగతి. స్టూడియో బాగానే సాగింది. అక్కడితో తృప్తిపడి ఉంటే ఆయన జీవితం నిశ్చింతగా గడిచిపోయేది.

కాని 1909 ప్రాంతంలో క్రోనోమెగాఫోన్ అనే యంత్రం సంగతి ఆయన చెవిన పడింది. ఫ్రాన్సు దేశపు గోమాంట్ కంపెనీ తయారుచేసిన యంత్రం అది. తెరమీద బొమ్మ కదులుతుంటే, దానికి జతగా గ్రామఫోన్ ప్లేటు తిరుగుతూ పాటో మాటో వినిపిస్తుంది. మైకులు, లౌడ్‌స్పీకర్లు లేని కాలం కనుక, గాలిని ఒత్తిపట్టి వదలడం ద్వారా ఆ శబ్దాన్ని హాలంతా వినబడేట్టు పెంచేవారు. బొమ్మకీ శబ్దానికీ పొత్తు కుదరడమే అందులోని కష్టమంతా. ప్లేటు కాస్త వెనకబడిందా, పెదవులు ఒకటి పలికితే చెవులకు ఇంకొకటి వినబడుతుంది!

ఆ యంత్రం ఖరీదు 30,000 రూపాయలని సినిమా చరిత్రకారులు రాశారు. ఆనాటి లెక్కలో అది ఒక జమీందారు తూగే సొమ్ము. వెంకయ్య అన్నం పెడుతున్న స్టూడియోనే కుదువబెట్టి ఆ యంత్రాన్ని కొన్నాడు. 1910లో మద్రాసు విక్టోరియా పబ్లిక్ హాలులో ప్రదర్శన ఇచ్చాడు. జనం విరగబడి చూశారు. ఆ తరువాత ఎస్ప్లనేడులో డేరా వేశాడు.

ఇక్కడే అసలు చిక్కు వచ్చింది. ఈనాటి మాదిరి అద్దెకు తెచ్చి, ఆడించి, తిరిగి పంపే పద్ధతి అప్పటికి మన దేశంలో సరిగ్గా ఏర్పడలేదు. ఫిల్ములు సొంతానికి కొనుక్కోవాలి. ఒక్కొక్కటి కొద్ది నిమిషాల తునక. ఊరిలో చూడవలసినవారంతా ఒకటి రెండు సార్లు చూశాక మూడోసారి ఎవరొస్తారు? ఫిల్ములు మార్చాలంటే మళ్ళీ డబ్బు, వాటిని మార్చకపోతే ఊరు మార్చాలి. వెంకయ్య ఊరు మార్చాడు. యంత్రాన్నీ డేరానూ తీసుకొని బెంగుళూరు మొదలుగా దక్షిణాది పట్టణాలు తిరిగాడు. అవి చాలక సముద్రం దాటి సింహళానికీ, బర్మాకూ వెళ్ళాడు. బర్మాలో రంగూనులోనూ పెగూలోనూ ప్రదర్శనలిచ్చాడు.

ఆ దేశాలే ఎందుకు? ఆయన మనసులోని మాట మనకు దొరకదు గాని, ఆనాటి పరిస్థితులు చూస్తే లెక్క అర్థమవుతుంది. బర్మా 1937 వరకు బ్రిటిషు ఇండియాలో ఒక భాగంగానే ఉండేది. చెల్లేది మన రూపాయే. మద్రాసు నుంచి రంగూనుకు స్టీమర్లు నడిచేవి. రంగూను జనాభాలో సగానికి పైగా భారతీయులే. బియ్యం మిల్లుల్లో, రేవులో చెమటోడ్చేవారిలో మన కోస్తా తెలుగువారు వేల సంఖ్యలో ఉండేవారు. కోరంగి రేవు పేరుమీద వారికి కోరంగీలని పేరే పడింది. పెగూ రంగూనుకు రైలుదారిలో సుమారు 50 మైళ్ళు. సామాను చేరవేయడం కష్టం కాదు.

సింహళం సంగతి వేరు. అది ప్రత్యేక వలసరాజ్యం. ధనుష్కోడి నుంచి తలైమన్నార్‌కు ఓడతో కలిపిన రైలు ప్రయాణం 1914లో గాని మొదలు కాలేదు. అంతకుముందు తూత్తుకుడిలో స్టీమరెక్కి కొలంబోలో దిగవలసిందే. ఐతేనేం, కొలంబో పెద్ద రేవు, చేతిలో నాలుగు డబ్బులాడే పట్టణం. తెరమీది తునకకు భాష పెద్ద అడ్డం కాదు. బొమ్మ కదలడమూ, పెట్టె పాడడమూ వింతే గదా!

మిత్రులారా, దారి ఖర్చు, నాణెం, తెలిసిన మనుషులు, భాష, కొత్తదనం ఎన్నాళ్ళు నిలుస్తుంది. ఈనాడు పరాయి దేశంలో సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టేవాడైనా ఈ అయిదింటినే గదా లెక్క వేసేది?

ఊరూరా తిరగడంలో ఒక పాఠం కూడా ఉంది. డేరా ఎక్కడికి పోయినా వింత తీరగానే ఎత్తివేయక తప్పదు. స్థిరమైన వ్యాపారానికి స్థిరమైన చోటు కావాలి, ఎడతెగకుండా కొత్త సరుకు రావాలి. వెంకయ్య మద్రాసుకు తిరిగి వచ్చి, 1914 నాటికి మౌంట్ రోడ్డు దగ్గర గెయిటీ సినిమా హాలు నిలబెట్టాడు. తెల్లవారి చేతుల్లో ఉన్న ఆ వ్యాపారంలో, మద్రాసులో ఒక భారతీయుడు సొంతాన కట్టిన మొదటి హాలు అది. తరువాత మింట్ వీధిలో క్రౌన్, పురసవాకంలో గ్లోబ్ వచ్చాయి.

ఆపైన ఆయన చూపు ప్రదర్శన నుంచి నిర్మాణం మీదికి మళ్ళింది. ఇతరుల సరుకు ఎన్నాళ్ళు అమ్ముతాం అనుకున్నాడో ఏమో, కొడుకు సూర్యప్రకాశ్‌ను ఆ విద్య నేర్చుకు రమ్మని ఇంగ్లండుకు పంపాడు. కొడుకు తిరిగొచ్చాక స్టార్ ఆఫ్ ది ఈస్ట్ సంస్థ వెలిసింది. 1921లో భీష్మ ప్రతిజ్ఞ మూకీ చిత్రం వెలువడింది. ప్రకాశ్ దర్శకుడే గాక భీష్ముడు కూడా ఆయనే. సి. పుల్లయ్య వంటివారు పని నేర్చుకున్నది అక్కడే.

ఐతే కథ సుఖాంతం కాదు. నిర్మాణం ఖర్చులు మింగాయి, అప్పులు పెరిగాయి, ఆస్తులు చేజారాయి. 1932లో భక్త ప్రహ్లాద తెలుగులో మాట్లాడేనాటికి, అంతకు ఇరవై యేండ్లకు పైగా ముందే మాట్లాడే బొమ్మను ఊరూరా తిప్పిన మనిషి వెనక వరుసలో మిగిలాడు. 1941లో కన్నుమూశాడు. 1980లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆయన పేరిట సినిమా అవార్డు నెలకొల్పింది. ఆయన కట్టిన గెయిటీ నేడు లేదు.

ఆయన ఓడిపోయాడందామా? పక్క దేశాలకు పోయినప్పుడు ఆయన వెంట ఉన్నవి మోసుకుపోగల యంత్రం, ఎత్తివేయగల డేరా. లాభం లేకుంటే మరుసటి రోజే మూటగట్టుకొని రావచ్చు. దెబ్బతిన్నది సొంత ఊళ్ళో, కదలని గోడల మీద పెట్టుబడి పెట్టినప్పుడు! తెలియని చోట జాగ్రత్తపడే మనిషి తెలిసిన చోట ఆదమరుస్తాడేమో. పరాయి దేశమే ప్రమాదమని భయపడే మనకు ఇది ఆలోచించవలసిన ముచ్చట.

ఎల్లారెడ్డికి ఈనాటికీ రైలు లేదు. కామారెడ్డికి వచ్చి ఎక్కాలె. కాని మనం తయారుచేసే కంప్యూటర్ సరుకుకు రైలూ అక్కరలేదు, స్టీమరూ అక్కరలేదు. వెంకయ్యకు లేని సౌకర్యం ఇది. స్టూడియో కుదువబెట్టే గుండెతో పాటు, డేరా ఎప్పుడు వేయాలో ఎప్పుడు ఎత్తాలో తెలిసిన లెక్క కూడా మన విద్యార్థులకు అబ్బితే, రంగూను ఎంత, కొలంబో ఎంత!