మన పక్కనే బౌద్ధ రాజు: గోవిందవర్మ



బౌద్ధ రాజు అనగానే మనకు అశోకుడే గుర్తొస్తాడు. ఆ తర్వాత కనిష్కుడు. ఇద్దరూ మనకు దూరపు వాళ్లే. చంపాపేట్ నుంచి సరూర్‌నగర్ మీదుగా చైతన్యపురికి పోతే, మూసీ ఒడ్డున నరసింహస్వామి గుడి దగ్గర ఒక పెద్ద బండ ఉంది. దాని మీద బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో ఒక శాసనం చెక్కి ఉంది. హైదరాబాద్ నగరంలో దొరికిన శాసనాల్లో చాలా పాతది ఇదే. గోవిందరాజ విహారం అనే పేరు అందులో ఉంది. పిండపాతిక భిక్షువుల మాట కూడా ఉంది. అంటే నిమంత్రణ భోజనాలకు పోకుండా, భిక్షాపాత్రలో పడిందే తిని బతికే వాళ్లన్నమాట. సంఘదేవుడనే భదంతుని కోసం రాతి నివాసం ఏర్పాటు చేసిన సంగతి దాంట్లోదే.

ఆ గోవిందరాజే విష్ణుకుండిన వంశపు గోవిందవర్మ. సుమారు 5వ శతాబ్దం వాడు. తాత ఇంద్రవర్మ, తండ్రి మాధవవర్మ. వంశం పేరులోనే విష్ణువు ఉన్నాడు, రాజు మాత్రం బుద్ధుని దారి పట్టాడు.

ఆయన గురించి మనకు ఎక్కువగా చెప్పేవి తుమ్మలగూడెంలో దొరికిన రాగిరేకులు. ఆ ఊరు ఇప్పటి యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది, పాతపేరు ఇంద్రపాలనగరం. గోవిందవర్మ పట్టమహిషి పరమభట్టారికా మహాదేవి అక్కడ ఒక మహావిహారం కట్టించింది. రాజు తన పాలన 37వ ఏట, వైశాఖ పౌర్ణమి నాడు, ఎర్మదల, పేంకపర అనే రెండు ఊళ్లను ఆ విహారానికి రాసిచ్చాడు. మనం బుద్ధ జయంతి చేసుకునే రోజే అది.

ఆ ఊళ్ల రాబడి దేనికో కూడా రాయించాడు. నాలుగు దిక్కుల నుంచి వచ్చే భిక్షువులకు పడక, ఆసనం, రోగమొస్తే మందు. ధూపదీపాలు. గోడలు పగిలితే బాగుచేత. ఈ చివరిది చూడండి. కట్టించేవాళ్లు చాలామంది ఉంటారు, కట్టింది పడిపోకుండా చూసేవాళ్లే తక్కువ. ఊరి రాబడి ఏటేటా వస్తుంది కాబట్టి రాజు పోయినా ఖర్చు ఆగదు.

ఆయన దానాలు భిక్షువులకే కాదు, అనాథలకు, రోగులకు, పేదలకు కూడా అందాయి. చెరువులు, బావులు, చలివేంద్రాలు పెట్టించాడు. బ్రాహ్మణులకూ ఇచ్చాడు, దేవాలయాలూ కట్టించాడు. ఇది దాచిపెట్టాల్సిన పని లేదు, ఆనాటి రాజులు అలాగే ఉండేవాళ్లు. అయినా సకల ప్రాణుల మేలు కోసం బోధిచిత్తం కలిగించుకున్నవాడని శాసనం చెప్పేది ఆయన గురించే.

కొడుకు మాధవవర్మ దారి వేరు. 11 అశ్వమేధాలు, వెయ్యి అగ్నిష్టోమాలు చేశాడని ఆ వంశ శాసనాలు గొప్పగా చెప్పుకున్నాయి. ఒక్క తరంలోనే కోట గాలి యజ్ఞాల వైపు మళ్లింది. మరి రాణి కట్టించిన విహారం ఏమైంది? పడిపోలేదు. శక సంవత్సరం 488లో, అంటే క్రీ.శ. 566లో, అదే వంశపు విక్రమేంద్రవర్మ ఇరుందెర అనే ఊరిని ఆ మహావిహారానికే ఇచ్చాడు. ఆ రాగిరేకులూ తుమ్మలగూడెంలోనే దొరికాయి. నడుమ ఎన్ని యజ్ఞాలు జరిగినా అక్కడ భిక్షువులు ఉంటూనే వచ్చారు.

ఇక చైతన్యపురి బండ చుట్టూ ఇప్పుడు కాలనీ ఇళ్లున్నాయి. రోజూ దాని పక్కనుంచే పోయేవాళ్లలో చాలామందికి ఆ గీతలు అక్షరాలని తెలియదు. వచ్చే వైశాఖ పౌర్ణమికి పిల్లల్ని తీసుకుని ఒకసారి పోయి చూడండి.