ఎల్.ఎం.ఎస్. డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు

ఈ ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం రాయవలసిందిగా మన సంఘం కార్యదర్శిగారు కోరినప్పుడు నాకు వెంటనే తోచిన పేరు కీర్తిశేషులు డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారిది. అందుకు కారణం ఉన్నది. మన చోడవరం చుట్టుపక్కల పెన్షనర్ల ఇళ్ళలోనే మనవలు, మనవరాళ్ళు వైద్యం చదవడానికి రష్యా, చైనా, ఫిలిప్పీన్స్ వంటి దేశాలకు పోతున్నారు. తిరిగివచ్చాక ఇక్కడ ప్రాక్టీసు పెట్టాలంటే 2002 నుండి అమలులోకి వచ్చిన స్క్రీనింగు పరీక్ష నెగ్గాలి. ఈ బాధ మనవారికే కాదు. కెనడాలో ఆస్టియోపతి వైద్య డిగ్రీ ఇచ్చే కళాశాల లేదు. ఆ పిల్లలు పక్కనున్న అమెరికాకు పోయి డి.ఓ. పట్టా తెచ్చుకుంటారు. అమెరికాలో ఆ పట్టా ఎం.డి.తో సమానమే. స్వదేశానికి వచ్చాక మాత్రం ఏ రాష్ట్రం నిబంధన ఏమిటో విచారించుకోవాలి. చదువు ఒకటి, చదువుకిచ్చే కాగితం ఒకటి. సర్వీసంతా కాగితాల మధ్య గడిపిన మనకు ఈ తేడా వేరే చెప్పనక్కరలేదు.

సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తల్లిదండ్రులు వెంకమ్మ, జగన్నాథం గార్లు. ఏడుగురు సంతానంలో ఆయన నాలుగోవారు. బాల్యంలో చదువు మీద ధ్యాస తక్కువ. కాశీకి పోయి యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు గడించాలని పదమూడేళ్ళ ప్రాయంలో ఇల్లు విడిచి పోతుంటే తల్లిగారు పట్టి వెనక్కు తెచ్చారు. మెట్రిక్యులేషను రెండుసార్లు తప్పి, మూడవసారి మద్రాసు హిందూ హైస్కూలు నుండి గట్టెక్కారు. ఈ రోజుల్లో ఒక్కసారి నీట్ పోయిందని మంచం పట్టే పిల్లలకు ఈ సంగతి చెప్పవచ్చును.

ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ అయ్యాక ఆయన మనసు సన్యాసం వైపు మళ్ళింది. రామకృష్ణ మఠంవారు వైద్యం చదివితే సేవకు పనికివస్తుందని దారి చూపారు. మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. ఖర్చుకు స్నేహితులు, కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు ఆదుకున్నారు. 1919లో సూర్యనారాయణమూర్తిగారి కుమార్తె శేషగిరిగారితో వివాహం జరిగింది.

అవి గాంధీగారి పిలుపు దేశమంతా మారుమోగుతున్న రోజులు. సుబ్బారావుగారు శస్త్రచికిత్స తరగతికి ఖద్దరు కోటు తొడుక్కొని వెళ్ళారు. సర్జరీ ప్రొఫెసరు బ్రాడ్‌ఫీల్డు దొరగారికి అది కంటగింపయింది. రాత పరీక్షలు బాగానే రాసినా ఎం.బి.బి.ఎస్. రాలేదు, దానికన్నా తక్కువదైన ఎల్.ఎం.ఎస్. సర్టిఫికెట్టు చేతిలో పెట్టారు. ఒక కోటు గుడ్డ వల్ల మనిషి హోదా ఒక మెట్టు దిగిపోయింది. మద్రాసు మెడికల్ సర్వీసులో చేరడానికి ప్రయత్నించారు, దొరకలేదు. చివరకు డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం బోధించే ఉద్యోగంలో చేరారు. ఆ ఉద్యోగాన్ని ఆయన చిన్నచూపు చూడలేదు. మన మందులలో ఏ గుణం ఉన్నదో ఆధునిక పద్ధతిలో తేల్చాలని అక్కడే పరిశోధన మొదలుపెట్టారు.

ఆయన ఇంట్లో జబ్బులు చేసిన నష్టం సామాన్యమైనది కాదు. స్ప్రూ అనే వ్యాధి, అంటే తిన్నది ఒంటబట్టక, విరేచనాలతో రక్తం క్షీణించి మనిషి కృశించిపోయే జబ్బు, కొద్దిరోజుల తేడాలో ఇద్దరు సోదరులను తీసుకుపోయింది. ఆయనకూ అదే వస్తే లక్ష్మీపతిగారి ఆయుర్వేద వైద్యం బతికించింది. వైద్యుడై ఉండి కూడా అన్నదమ్ములను నిలుపుకోలేకపోయిన బాధ ఆయనను వదలలేదు.

కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి వారి సహాయ వాగ్దానం, మామగారు సమకూర్చిన సొమ్ము ఆధారంగా 1923 అక్టోబరులో అమెరికాలోని బోస్టన్ చేరి, హార్వర్డులో ఉష్ణదేశ వ్యాధుల డిప్లొమాలో ప్రవేశించారు. చదువు ముగించుకొని తిరిగి వస్తాననే మాట మీద భార్యను పుట్టింట విడిచివెళ్ళారు. మద్రాసులో చదివిన చదువు అక్కడ అన్నం పెట్టలేదు. పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట చిల్లర పనులు చేశారు. పగలు చదువు, రాత్రి ఊడిగం. ఆయన సముద్రాలు దాటి ఉండగానే ఇక్కడ పుట్టిన మగబిడ్డ పసితనంలో జబ్బుచేసి పోయాడు. తండ్రి ఆ బిడ్డ మొహం చూడనే లేదు.

డిప్లొమా తరువాత హార్వర్డు జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్క్ వద్ద చేరారు. రక్తంలోనూ మూత్రంలోనూ ఫాస్ఫరస్ ఎంత ఉన్నదో కొలిచే పద్ధతిని ఇద్దరూ కలిసి 1925లో ప్రకటించారు. లేబొరేటరీలలో పనిచేసినవారికి అది ఫిస్క్-సుబ్బారావు పద్ధతిగా తెలుసు. 1927లో కండరాలలో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏ.టి.పి. అనే పదార్థం కనుగొన్నారు. మనం చేయి ఎత్తినా అడుగు వేసినా ఖర్చయ్యే శక్తి ఈ ఏ.టి.పి.దే. అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా దానిని విడిగా కనుగొన్నాడు. 1930లో పి.హెచ్.డి. వచ్చింది. అయినా హార్వర్డులో స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. పదేళ్ళు అలాగే పనిచేశారంటే, ప్రొబేషను డిక్లేరు కాని గుమాస్తా బాధ తెలిసిన మనకు ఆ ఓర్పు ఎంతటిదో అర్థమవుతుంది.

1940లో న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్ అనే ఊరిలో లెడర్లీ కంపెనీవారి ప్రయోగశాలకు మారి, పరిశోధనకు పెద్ద అయ్యారు. తరువాతి ఎనిమిదేళ్ళలో అక్కడ జరిగిన పని చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసింది. సోదరులను బలిగొన్న ఆ స్ప్రూ వ్యాధికి అదే మందు అయింది. ఆయన హయాములోనే డగ్గర్ అనే వృద్ధ శాస్త్రజ్ఞుడు మట్టిలోని సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్ తీశాడు. టెట్రాసైక్లిన్ జాతి మందులలో అది మొదటిది. డగ్గర్‌గారు వేరేచోట రిటైరయ్యాక ఈ పనిలో చేరినవారని మన సభ్యులు గమనించాలి.

మన ప్రాంతానికి దగ్గరి విషయం మరొకటి. బోదకాలు అంటే ఏమిటో ఉత్తర కోస్తాలో ఎవరికీ చెప్పనక్కరలేదు. పసిఫిక్ యుద్ధంలో అమెరికా సైనికులకు ఆ జబ్బు సోకడంతో అక్కడివారికి దాని మీద శ్రద్ధ కలిగింది. 1947లో సుబ్బారావుగారి ప్రయోగశాల నుండి హెట్రజాన్ వెలువడింది. దాని అసలు పేరు డైఇథైల్ కార్బమజైన్, ముద్దుగా డి.ఇ.సి. రాత్రిపూట ఇంటింటికీ వచ్చి వేలు గుచ్చి రక్తం తీసుకునే ఫైలేరియా సిబ్బంది ఇచ్చిన బిళ్ళలు అవే. 2004 నుండి ప్రభుత్వం జబ్బు ఉన్నవారికీ లేనివారికీ ఊరుమొత్తం పంచినవీ అవే. చాలామంది వాటిని తీసుకొని గూట్లో పడవేసేవారు, అది వేరే సంగతి.

ఇంతచేసి ఆయన స్వదేశం రాలేదు. రాలేకపోయారా, రావాలనుకోలేదా అని ఇక్కడ తీర్పు చెప్పడం నాకు ఇష్టం లేదు. భార్య శేషగిరిగారు మాత్రం ఆయనను మళ్ళీ చూడలేదు. ఆ ఇల్లాలి నిరీక్షణ ఏ పరిశోధన పత్రంలోనూ ఎక్కలేదు. 1948 ఆగస్టులో, స్వాతంత్ర్యం వచ్చి ఏడాది నిండవస్తుండగా, సుబ్బారావుగారు నిద్రలోనే గుండె ఆగి మరణించారు. వయస్సు 53. శతజయంతి సంవత్సరమైన 1995లో తపాలా శాఖవారు ఆయన బొమ్మతో స్టాంపు విడుదల చేశారు.

ఆయన పోవడానికి కొద్ది నెలల ముందే బోస్టన్‌లో ఫార్బర్ అనే డాక్టరు, సుబ్బారావుగారి బృందం పంపిన అమినోప్టెరిన్‌ను రక్తక్యాన్సరు ఉన్న పిల్లలకు ఇచ్చి కొంతకాలం ఉపశమనం సాధించాడు. దాని తమ్ముడే మెథోట్రెక్సేట్. మన సభ్యులలో కీళ్ళవాతానికి ఈ బిళ్ళ వాడుతున్నవారు ఉన్నారు. దానిని వారానికొకసారి మాత్రమే వేసుకోవాలి, పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. దానితోపాటు డాక్టర్లు రాసే చిన్న పసుపుపచ్చని బిళ్ళ ఫోలిక్ యాసిడ్. రెండూ ఆ ఎల్.ఎం.ఎస్. డాక్టరుగారి ప్రయోగశాలవే.