తుఫానుకి సైక్లోన్ అని పేరు పెట్టిన పిడ్డింగ్టన్ గారు

ఈసారి గోడపత్రికలో జీవితచరిత్ర రాయడం నా వంతు. మన నర్సీపట్నంలో అందరూ అల్లూరి సీతారామరాజు గారి గురించే రాస్తారు. నేను హెన్రీ పిడ్డింగ్టన్ గారి గురించి రాస్తున్నాను. దానికి కారణం మా మావయ్య. ఆ సంగతి చివర్లో చెప్తాను.

పిడ్డింగ్టన్ గారు 1797లో ఇంగ్లండులో పుట్టారు. ఓడ కెప్టెనుగా పనిచేసి, తర్వాత కలకత్తాలో స్థిరపడ్డారు. అక్కడ ఓడ ప్రమాదాలని విచారించే కోర్టుకి అధ్యక్షులయ్యారు. 1838లో విలియం రీడ్ అనే ఆయన తుఫానుల మీద ఒక పుస్తకం రాశారు. అది చదివాక పిడ్డింగ్టన్ గారికి ఇంక అదే ధ్యాస.

అప్పట్లో ఉపగ్రహాలు లేవు, రేడియోలు లేవు. అందుకని తుఫానులో చిక్కుకుని బయటపడ్డ ఓడల దినచర్య పుస్తకాలు సంపాదించేవారు. ఏ గంటకి గాలి ఎటునుంచి కొట్టింది, బారోమీటరు ఎంత పడిపోయింది అని చూసి పటం మీద గుర్తులు పెట్టేవారు. ఒకే తుఫానులో ఒక ఓడకి తూర్పుగాలి, ఇంకో ఓడకి పడమటిగాలి! అన్నీ కలిపి చూస్తే గాలి తిన్నగా పోవడం లేదు, గుండ్రంగా తిరుగుతోంది. నడిమధ్యన మాత్రం దాదాపు గాలే ఉండదు.

ఆయన రాసిన తుఫానుల్లో మన కోరంగి కూడా ఉంది. అది కాకినాడ దగ్గరి పాత ఓడరేవు. 1789లో మూడు పెద్ద కెరటాలు ఒకదాని వెనక ఒకటి వచ్చి ఆ ఊరిని ముంచేశాయి. 1839 నవంబరులో మళ్లీ ఉప్పెన వచ్చింది.

1848లో ఆయన నావికుల కోసం ఒక పుస్తకం వేశారు. సైక్లోన్ అనే మాట ఆయన పెట్టిందే. చుట్ట చుట్టుకున్న పాముని సూచించే గ్రీకు మాట నుంచి తీశారు. పుస్తకంతో పాటు పల్చటి కొమ్ము రేకులు ఇచ్చారు. అవతలిది కనిపించే ఆ రేకుల మీద వలయాలు, బాణం గుర్తులు ఉంటాయి. రేకుని పటం మీద పెట్టి, గాలి దిక్కు చూసుకుంటే తుఫాను నడిమధ్య ఎటుందో తెలిసిపోతుంది. ఓడని అటు పోనివ్వకుండా తిప్పుకోవచ్చు.

తర్వాత బెంగాలులో మాట్లా నది ఒడ్డున కొత్త రేవు కట్టాలనుకున్నారు. అక్కడ కడితే ఉప్పెన ఊడ్చేస్తుందని ఆయన 1853లో గవర్నర్ జనరల్ డల్హౌసీకి ఉత్తరం రాశారు. ఎవరూ వినలేదు. పోర్ట్ కానింగ్ అని పేరుపెట్టి కట్టేరు. ఆయన 1858లో చనిపోయారు. 1867 నవంబరులో తుఫాను వచ్చి ఆ రేవుని పాడుచేసింది. కొన్నేళ్లకి దాన్ని వదిలేశారు.

ఇప్పుడు మా మావయ్య సంగతి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మావయ్య విశాఖపట్నంలో ఇళ్లు కట్టే పనిలో ఉన్నాడు. పొద్దున్నుంచి భయంకరమైన గాలి. తర్వాత ఒక్కసారిగా ఆగిపోయింది. అయిపోయిందనుకుని ఎగిరిపోయిన రేకులు ఏరడానికి బయటికొచ్చేడు. అంతలో రెండోవైపు నుంచి గాలి కొట్టింది. రేకు ఒకటి వచ్చి చెయ్యి కోసేసింది. ఇప్పటికీ మావయ్యకి రెండు వేళ్లు ముడుచుకోవు. పిడ్డింగ్టన్ గారు చెప్పిన నడిమధ్య అదే! ఆయన పోయి నూట యాభై ఏళ్లు దాటినా ఆ సంగతి మా మావయ్య దాకా రాలేదు.

ఇంకో సంగతి. గాలి గంటకి 62 కిలోమీటర్లకి చేరితే తుఫాను అంటారు. 118కి చేరితే అతి తీవ్ర తుఫాను. హుద్‌హుద్ గాలి సుమారు 180. వేగం రెట్టింపైతే తోపుడు రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. అంటే 90 గాలికి ఊగి నిలబడ్డ చెట్టుని 180 గాలి నాలుగింతల బలంతో తోస్తుంది. ఆరోజు మన ఏజెన్సీలో కాఫీ తోటల్లోని సిల్వర్ ఓక్ చెట్లు అలాగే కూలిపోయాయి.

కాబట్టి మిత్రులారా, తుఫానులో గాలి ఒక్కసారిగా ఆగిపోతే బయటికి రావద్దు. తుఫాను దాటిపోయిందని రేడియోలోనో ఫోనులోనో తెలిసేదాకా లోపలే ఉండాలి. సెలవులకి వెళ్లినప్పుడు ఈ ఒక్క మాట మీ ఊళ్లో చెప్పండి. నేను మా ఊళ్లో చెప్పేను. ముందుగా మావయ్యకే చెప్పేను.

తప్పులుంటే మన్నించగలరు.

— 9వ తరగతి విద్యార్థి