వాక్కు నెలవును వెదకిన వైద్యుడు: పాల్ బ్రోకా

మాట్లాడుతున్నంతసేపూ మాట ఎక్కడినుండి వస్తున్నదని ఎవరూ ఆలోచించరు. అది నిలిచిపోయిననాడు గాని ఆ ప్రశ్న పుట్టదు. అట్లా మాట పోయిన ఒక రోగి మూలంగా మెదడులో వాక్కుకు గల నెలవును లోకానికి చూపినవాడు ఫ్రెంచి శస్త్రవైద్యుడు పాల్ బ్రోకా.

ఆయన 1824 జూన్ 28న ఫ్రాన్సు దేశంలో, బోర్డో నగరానికి తూర్పున ఉన్న సేంత్ ఫ్వా లా గ్రాండ్ అనే చిన్న పట్టణంలో జన్మించాడు. తండ్రి వైద్యుడు, తల్లి ప్రొటెస్టెంటు మతబోధకుని కుమార్తె. పదిహేడవ యేట పారిస్‌లో వైద్య విద్యకు చేరి, శస్త్రవైద్యునిగా, ఆచార్యునిగా కీర్తి గడించాడు. 1859లో అక్కడ మానవశాస్త్ర పరిషత్తును స్థాపించాడు. ఆనాటి ప్రభుత్వానికి ఆ పరిషత్తుపై ఎంత అనుమానమంటే, దాని సమావేశాలకు ఒక పోలీసు ఉద్యోగిని పంపుతూ ఉండేది.

1861లో ఆ పరిషత్తులో ఒక పెద్ద వివాదం చెలరేగింది. మెదడంతా ఒక్కటిగా పనిచేస్తుందని కొందరు, ఒక్కొక్క పనికి ఒక్కొక్క చోటున్నదని మరికొందరు వాదించారు. ఆ ఏప్రిల్ నెలలోనే లెబోర్న్ అనే రోగిని బిసేత్ర్ ఆసుపత్రిలో బ్రోకా వద్దకు తెచ్చారు. లెబోర్న్ చిన్న వయసు నుండే మూర్ఛవ్యాధి పీడితుడు. ముప్ఫై యేండ్ల వయసులో మాట పోగా, ఇరవై యొక్క సంవత్సరాలు ఆ ఆసుపత్రిలోనే గడిపాడు. ఇతరుల మాటలు చాలావరకు గ్రహించేవాడు. సంఖ్యలను వేళ్లతో చూపేవాడు. కాని ఏమడిగినా నోటినుండి వెలువడేది టాన్ అన్న ఒక్క శబ్దమే. అందరూ అతన్ని ఆ పేరుతోనే పిలిచేవారు.

ఏప్రిల్ 17న అతడు మరణించాడు. మరునాడే బ్రోకా అతని మెదడును పరిషత్తు ముందుంచాడు. ఎడమవైపు ముందుభాగాన, మూడవ మడత వద్ద, కోడిగ్రుడ్డు పట్టేంత గుంట కనిపించింది. కొద్ది నెలలకే లెలోంగ్ అనే మరొక రోగి మెదడులోనూ దెబ్బ ఆ ప్రాంతంలోనే ఉన్నదని తేలింది.

ఇంకొకరైతే అప్పుడే సిద్ధాంతం ప్రకటించి ఉండేవారు. బ్రోకా తొందరపడలేదు. 1863 నాటికి ఎనిమిది మంది రోగుల విషయం పరిశీలించాడు. అన్నింటా దెబ్బ ఎడమ పక్కనే ఉండడం ఆయనకే విస్మయం కలిగించింది. 1865లో గాని, మనలో అత్యధికులు ఎడమ మెదడుతో మాట్లాడుతారని ఆయన నిశ్చయంగా చెప్పలేదు. కొందరిలో వాక్కు కుడివైపు ఉండవచ్చునని కూడా అప్పుడే ఊహించాడు. మార్క్ డాక్స్ అనే గ్రామీణ వైద్యుడు 1836లోనే ఎడమ మెదడుకు, వాక్కుకు సంబంధమున్నదని వ్రాసి ఉంచాడు. ఆ వ్యాసం వెలుగు చూసింది మాత్రం 1865లోనే.

ఇంతవరకు ఆధారమంతా మృతుల మెదళ్లే. బ్రతికి ఉన్నవాని మెదడు పనిని పుర్రె తెరవకుండా తెలుసుకోవడం ఎట్లా? ఉష్ణమాపకాలను కిరీటంవలె అమర్చి, మనుషుల తలలకు తగిలించి, చదివేటప్పుడు ఏ భాగం వేడెక్కుతున్నదో బ్రోకా కొలవబూనాడు. 1877లో ఆ ఫలితాలను ప్రకటించాడు. సాధనం మోటుది. కాని పనిచేసే చోటికి రక్తం ఎక్కువగా చేరుతుందన్న ఊహ సరైనదే.

ఈ ప్రశ్న మూర్ఛరోగులకు ప్రాణసమానమైనది. మందులకు లొంగని మూర్ఛకు కొన్నిసార్లు మెదడులో కొంత భాగాన్ని తొలగించవలసి వస్తుంది. వాక్కు ఏ పక్కన ఉన్నదో తెలియక కత్తి పెడితే, మూర్ఛ పోయినా మాట కూడా పోవచ్చు. పసితనంలో ఎడమ మెదడుకు జబ్బు చేసిన వారిలో వాక్కు కుడివైపుకు మారడమూ కలదు. 1949లో జపాను వైద్యుడు జూన్ వాడా ఒక ఉపాయం కనిపెట్టాడు. మెడలోని ధమని ద్వారా ఒక పక్క మెదడుకు మత్తుమందు పంపి, రోగి మాట్లాడగలడో లేదో చూడడమే ఆ పరీక్ష. అది ఉపకరించింది గాని, అపాయం లేనిది కాదు. 1990ల నుండి అయస్కాంత చిత్రణ వచ్చింది. రోగి యంత్రంలో పడుకొని మనసులో పదాలు తలచుకుంటూ ఉంటే, ప్రాణవాయువు నిండిన రక్తం ఏ చోట హెచ్చుతున్నదో ఆ చిత్రం చూపుతుంది. సూది లేదు, మత్తు లేదు. ఫలితం సందేహాస్పదమైనప్పుడు మాత్రం పాత పరీక్షల తోడు అవసరమవుతుంది.

బ్రోకా దోషరహితుడు కాడు. పుర్రెలను, మెదళ్లను కొలిచి జాతులకు, స్త్రీపురుషులకు బుద్ధిలో హెచ్చుతగ్గులు కట్టాడు. ఆ లెక్కలు తప్పని తరువాతి శాస్త్రం తేల్చింది. 1880లో ఫ్రెంచి సెనేటు సభ్యత్వం లభించిన కొద్ది నెలలకే, జూలైలో, యాభై ఆరవ యేట ఆయన కన్నుమూశాడు.

లెబోర్న్ మెదడును ఆయన కోయనీయలేదు. ముందుతరాలు చూడవలెనని పదిలపరచాడు. పారిస్ మ్యూజియంలో ఉన్న ఆ మెదడుకు, లెలోంగ్ మెదడుకు అయస్కాంత చిత్రాలు తీసి 2007లో ప్రకటించారు. దెబ్బ బ్రోకా పైనుండి చూసినదానికంటె చాలా లోతుకు వ్యాపించి ఉన్నదని అవి తెలిపాయి. తన నిర్ణయాన్ని సవరించగల సాక్ష్యాన్ని తానే భద్రపరచి పోయిన ఆ శాస్త్రజ్ఞుని నిజాయితీ విద్యార్థులకు ఆదర్శప్రాయం.