ముద్దేనహళ్లి నుంచి మూసీ దాకా

బెంగళూరులో కొళాయి తిప్పితే వచ్చే కావేరి నీటిలో ఎక్కువ పాలు కృష్ణరాజసాగరం నుంచి వదిలిందే. గండిపేట నీళ్లు తాగినోళ్లు ఇక ఊరు వదలరని హైదరాబాద్ జనం చెప్పుకునేవారు. ఈ రెండు జలాశయాల వెనకా ఉన్నది ఒక్కరే, మన సరిహద్దు తెలుగింటి బిడ్డ మోక్షగుండం విశ్వేశ్వరయ్య.

వాళ్ల పూర్వీకులది బేస్తవారిపేట దగ్గరి మోక్షగుండం. తరాల కిందటే మైసూరు సీమకు వలస వచ్చి చిక్కబళ్లాపురం పక్కన ముద్దేనహళ్లిలో స్థిరపడ్డారు. ఇంట్లో తెలుగు, బయట కన్నడం. బాగేపల్లి, గౌరిబిదనూరు వైపు కుటుంబాలకు ఇది కొత్త సంగతేం కాదు. తండ్రి శ్రీనివాసశాస్త్రి, తల్లి వెంకటలక్ష్మమ్మ. పుట్టిన తేదీ సెప్టెంబరు 15. ఏడాది మాత్రం 1860 అని కొందరు, 1861 అని కొందరు రాస్తారు. చిన్నప్పుడే తండ్రి పోయారు. పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటూ బెంగళూరు సెంట్రల్ కాలేజీలో బీఏ చేశారు. పుణెలో ఇంజనీరింగ్ ముగించి, 1884లో బొంబాయి ప్రభుత్వ ప్రజాపనుల శాఖలో చేరారు.

ఆయనకు పేరు తెచ్చిన తొలి పనుల్లో ఒకటి సింధ్‌లోని సుక్కూరు పట్టణానికి మంచినీళ్లు ఇవ్వడం. పక్కనే సింధు నది ఉన్నా ఆ నీళ్లు బురద. వడపోత తొట్లు కట్టడానికి పురపాలక సంఘం దగ్గర డబ్బు లేదు. అప్పుడాయన నదీగర్భంలోనే బావి తవ్వించి, ఇసుకలోంచి దానంతటదే వడకట్టుకుని దిగే తేట నీటిని పట్టణానికి తోడించారు. 1895 నాటికి పని పూర్తయింది.

పుణెకు నీరిచ్చే ఖడక్‌వాస్లాలో సమస్య వేరు. వానాకాలంలో చెరువు నిండి అలుగు మీదుగా నీళ్లు పోయేవి (మన సరిహద్దు పల్లెల్లో మరవ పారింది అంటారు). ఎండాకాలం వస్తే కొరత. ఆయన 1903లో అలుగుపై వాటంతటవే తెరుచుకునే తలుపులు పెట్టించారు. మట్టం గీత దాటితే తెరుచుకుంటాయి, తగ్గితే మూసుకుంటాయి. కట్ట ఎత్తు పెంచకుండానే నిల్వ పెరిగింది. 1906లో ఆయన్ను ఏడెన్ రేవుకు కూడా పంపారు. అక్కడ నీటి సరఫరా, మురుగు రెండూ చూసి వచ్చారు.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచేసింది. వేల మంది కొట్టుకుపోయారు. బొంబాయి కొలువు వదిలి విదేశాల్లో తిరుగుతున్న విశ్వేశ్వరయ్యకు నిజాం ప్రభుత్వం కబురు పంపింది. 1909లో వచ్చి, కొన్ని నెలల్లోనే నివేదిక ఇచ్చారు.

నగరంలో గోడలు కట్టి వరదను ఆపాలన్న ఆలోచన దగ్గరే ఆయన ఆగలేదు. నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో అక్కడికి వెళ్లారు. ఎగువన మూసీ మీద ఒకటి, దాని ఉపనది ఈసీ మీద ఒకటి, రెండు జలాశయాలు కట్టాలన్నారు. వరద వచ్చినప్పుడు అవి పట్టి ఉంచి, నది భరించగలిగినంతే కిందికి వదలాలి. వరద తగ్గాక మిగిలిన నీళ్లు ఊరికి తాగడానికి. ఊళ్లో మురుగు కాలువల సంగతీ అందులోనే చేర్చారు. ముంపు, దాహం, మురుగు మూడూ ఒకే లెక్కగా చూడటమే ఆ నివేదిక ప్రత్యేకత. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. గండిపేట నీళ్లు పంపులు లేకుండా వాలు మీదే నగరానికి వచ్చేవి.

1909లోనే ఆయన మైసూరు చీఫ్ ఇంజనీరయ్యారు. 1911లో కృష్ణరాజసాగరం పని మొదలైంది. అది ప్రధానంగా మండ్య పొలాల కోసం, శివనసముద్రం కరెంటు కోసం తలపెట్టింది. 1912 నుంచి 1918 వరకు దివానుగా ఉన్నారు. ఆ కాలంలో ఆయన పెట్టించిన సంస్థల సంగతి వేరే కథ.

బెంగళూరుకు 1896 నుంచి హెసరఘట్ట చెరువే ఆధారం. 1920ల కరువుల్లో అది అడుగంటింది. అర్కావతి, కుముద్వతి కలిసేచోట తిప్పగొండనహళ్లిలో జలాశయం కట్టమన్న సలహా విశ్వేశ్వరయ్యదే. 1933లో చామరాజసాగరం పేరుతో అది సిద్ధమైంది. నగరం పెరిగింది, అదీ చాలలేదు. 1974 నుంచి కావేరి నీటిని దాదాపు వంద కిలోమీటర్ల నుంచి, మూడు చోట్ల పంపులు పెట్టి పైకెక్కిస్తున్నారు. ఆ కరెంటు ఖర్చే జల మండలికి పెద్ద బరువు. 2024 ఎండాకాలంలో బోర్లు ఎండి నగరం ట్యాంకర్ల కోసం బారులు తీరింది. అదే ఏడాది అక్టోబరులో అయిదో దశ కావేరి నీరు వచ్చింది.

విశ్వేశ్వరయ్యకు 1955లో భారతరత్న ఇచ్చారు. నూరేళ్లు నిండి, 1962 ఏప్రిల్‌లో కన్నుమూశారు. సమాధి ముద్దేనహళ్లిలోనే ఉంది.

ఆయన కట్టించమన్నవి నిలిచాయి గానీ, వాటిలోకి నీళ్లు తెచ్చే దారులు నిలవలేదు. అర్కావతి ఎగువన లేఅవుట్లు, బోర్లు, మురుగు పెరిగి తిప్పగొండనహళ్లికి వరవ తగ్గిపోయింది. హైదరాబాద్‌లో రెండు జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర కట్టడాలను అడ్డుకుంటూ 1996లో జీవో 111 వచ్చింది. 2022 ఏప్రిల్‌లో జీవో 69తో ఆ ఆంక్షలు ఎత్తేశారు.