కూల్చే ముందు చూడమన్న ప్యాట్రిక్ గెడ్డెస్

అర్పా నది ఒడ్డున ఉన్న బిలాస్‌పూర్ బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రాకతో పెరిగిన పట్టణం. తెలుగు కుటుంబాలెన్నో స్థిరపడిన ఇలాంటి రైల్వే పట్టణాల్లో పాత పేటల పునర్నిర్మాణం చర్చకు వచ్చినప్పుడల్లా స్మరించుకోవలసిన పేరు సర్ ప్యాట్రిక్ గెడ్డెస్.

1854 అక్టోబర్ 2న స్కాట్లాండ్‌లో జన్మించిన గెడ్డెస్ జీవశాస్త్రం అభ్యసించారు. మెక్సికోలో కొంతకాలం చూపు కోల్పోయి, సూక్ష్మదర్శినికి దూరమై, క్రమంగా మనుషుల ఆవాసాల అధ్యయనం వైపు మళ్లారు. 1886లో భార్య అన్నాతో కలిసి ఎడిన్‌బరో పాతబస్తీలోని ఇరుకు ఇళ్ల మధ్య కాపురం పెట్టి, ఇరుగుపొరుగు తోడ్పాటుతో ఆ వాడను బాగుచేశారు.

1914లో భారతదేశానికి వచ్చిన ఆయన మరుసటి ఏడాది మద్రాసు ప్రెసిడెన్సీలోని తంజావూరు, మదురై, బళ్లారి పట్టణాలను పరిశీలించారు. విశాలమైన వీధుల కోసం పేదల ఇళ్లను వరుసగా పడగొట్టే పద్ధతిని వ్యతిరేకించారు. వాడవాడా కాలినడకన తిరిగి, బొత్తిగా శిథిలమైన ఇళ్లను మాత్రమే తొలగించాలని, ఖాళీ అయిన చోట చెట్లు నాటాలని, చెరువులను పూడ్చక శుభ్రపరచాలని సూచించారు.

1917లో కుమారుడు యుద్ధంలో నేలకొరిగాడు. అదే ఏడాది భార్య భారతదేశంలోనే కన్నుమూశారు. అయినా ఆయన పని ఆపలేదు. ప్లేగుతో బాధపడుతున్న ఇందోర్‌లో దీపావళి ఊరేగింపు ఏర్పాటు చేసి, శుభ్రంగా ఉన్న వీధుల గుండానే అది సాగుతుందని చాటించారు. ఊరు ఊరంతా చీపురు పట్టింది.

1919 నుంచి 1924 వరకు బొంబాయి విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా పనిచేసిన గెడ్డెస్, 1932 ఏప్రిల్ 17న ఫ్రాన్స్‌లో కన్నుమూశారు. పటం గీసే చేతికన్నా ముందు వీధిలో తిరిగే కాళ్లకు పని చెప్పాలన్నదే ఆయన మిగిల్చిన పాఠం.