రెండు వేళ్ల విద్వాంసుడు: జాంగో రైన్‌హార్ట్

గిటారు నేర్చుకోవాలని ఉబలాటపడే విద్యార్థిని మొట్టమొదట వేధించే ప్రశ్న వాద్యాన్ని గురించినది. ఏ గిటారు కొనాలి, ఎంత ధర పెట్టాలి, ఎవరివద్ద శిక్షణ పొందాలి అని ఆలోచిస్తూనే నెలలు గడిపేవారు మనలోనూ కొందరున్నారు. జాజ్ సంగీతంలో గిటారుకు గౌరవస్థానం సంపాదించి పెట్టిన జాంగో రైన్‌హార్ట్‌కు బాల్యంలో అటువంటి ఎంపికకు అవకాశమే లేదు. చేతికి అందినదే అతని వాద్యం. కంటికి కనబడినదే అతని పాఠం. పైగా ఇతరులు ఒక్కసారి చేసే అక్షరాభ్యాసాన్ని విధి అతనిచేత రెండుసార్లు చేయించింది.

1910 జనవరి 23న బెల్జియం దేశంలోని లిబెర్షీ గ్రామం వద్ద, దేశదిమ్మరుల ఇంటిబండిలో అతడు జన్మించాడు. తల్లిదండ్రులు సంచార రోమానీ జాతిలో మానూష్ శాఖకు చెందినవారు. రోమానీల పూర్వులు సుమారు వేయి సంవత్సరాల క్రితం భారతదేశపు వాయవ్య ప్రాంతాల నుండి పడమటికి తరలిపోయారని భాషాశాస్త్రజ్ఞులు ఏనాడో గ్రహించారు. జన్యుశాస్త్రజ్ఞులు తరువాత దానిని బలపరిచారు. మానూష్ అన్న పదం మన మనిషి అన్న పదానికి తోబుట్టువే. జాంగో అన్న ముద్దుపేరుకు మేల్కొంటున్నాను అని అర్థం చెబుతారు. ఉర్దూలోని జాగ్నా, తెలుగులోని జాగరణ అందులో ప్రతిధ్వనించడం మనకు వింతగానూ, సంతోషంగానూ ఉంటుంది.

జాంగో చిన్నతనంలోనే ఆ కుటుంబం పారిస్ నగరపు పాతకోట వెలుపల, బీదల బండ్ల మధ్య మకాం పెట్టింది. బడి చదువు దాదాపు లేదు. పన్నెండవ ఏట, అతని తపన గమనించిన ఒక పొరుగువాడు బాంజో గిటారునొకదానిని బహూకరించాడు. బాంజోవలె తోలు బిగించిన గుండ్రని దేహం, గిటారువలె ఆరు తీగల మెడ గల సంకర వాద్యమది. మాధుర్యం తక్కువ, మోత ఎక్కువ. అయితే ధ్వనివర్ధకాలు లేని ఆ రోజులలో, అకార్డియన్ హోరును దాటి నృత్యశాల చివరి దాక వినబడాలంటే ఆ మోతే కావలసివచ్చేది. తొలివాద్యం మేలైనది కాకపోయినా, దాని పనికి అది తగినదే.

గురువు లేడు, గ్రంథం లేదు. పెద్దల వేళ్లు ఏ మెట్టు మీద ఏ తీగను నొక్కుతున్నవో తదేకంగా చూచి, తన బండి వద్దకు వచ్చి ఆ స్వరం దొరికేవరకు వెదకడమే అతని సాధన. తీగల ఒరిపిడికి వేలికొసలు పొక్కి, కాయలు కాచేవరకు ఏ అభ్యాసికైనా ఈ వాద్యం వశం కాదు. అనతికాలంలోనే బాలుడైన జాంగో నృత్యశాలలలో కూలికి వాయించసాగాడు. 1928లో అకార్డియన్ విద్వాంసుడు వైసాద్‌తో కలిసి రికార్డులిచ్చాడు. తన పేరు తానే వ్రాసి చూపలేనందున, రికార్డుపై ఆ పేరు తప్పుగా అచ్చయింది. అదే ఏడు జాక్ హిల్టన్ అనే ఆంగ్ల వాద్యబృంద నాయకుడు అతని వాదన విని, తన బృందంలోకి ఆహ్వానించాడు.

అదృష్టం తలుపు తట్టిన ఆ రోజులలోనే దారుణం జరిగింది. భార్య అమ్మకానికి తయారు చేసిన సెల్యులాయిడ్ పువ్వులతో బండి నిండి ఉంది. ఒక రాత్రి కొవ్వొత్తి నిప్పు వాటికి అంటుకున్నది. సెల్యులాయిడ్ ఎంత వేగంగా మండుతుందో చెప్పనక్కరలేదు. దంపతులు ప్రాణాలతో బయటపడ్డారు కాని, జాంగో కుడికాలు, ఎడమచేయి ఘోరంగా కాలిపోయాయి. కాలు తీసివేయాలని వైద్యులు తలచగా అతడు అంగీకరించలేదు. కాలు దక్కింది. ఎడమచేతి ఉంగరపు వేలు, చిటికెనవేలు మాత్రం నరాలు ముడుచుకుపోయి శాశ్వతంగా వంగిపోయాయి.

గిటారు వాదకునికి స్వరాలను వెదికేది ఎడమచేయి. నాలుగు వేళ్ల పనికి రెండే మిగిలిన ఈ స్థితిలో, ఆసుపత్రి మంచం మీద ఉన్న అన్నకు తమ్ముడు జోసెఫ్ ఒక గిటారు తెచ్చి ఇచ్చాడు. జాంగో జీవితంలో నిజమైన తొలి గిటారు ఇదేనని నా అభిప్రాయం. సుమారు ఏడాదిన్నర పాటు అతడు మళ్లీ ఓనమాలు దిద్దుకున్నాడు. నాలుగు వేళ్లవాడు చేతిని ఒకచోట నిలిపి, తీగ నుండి తీగకు అడ్డంగా స్వరాలు అందుకుంటాడు. జాంగో అందుకు భిన్నంగా చూపుడువేలు, నడిమివేలు ఆధారంగా మెడ పొడవునా పైకి, కిందికి పరుగెత్తే పద్ధతిని కల్పించుకున్నాడు. బొటనవేలిని మెడ మీదుగా వంచి మంద్రపు తీగలను నొక్కాడు. వంగిన వేళ్లను సైతం వదలలేదు. స్వరగుచ్ఛాలు పలికించేటప్పుడు వాటిని సన్నతీగల మీద ఆనించి పని చేయించాడు. 1965లో ఇంగ్లండులో కర్మాగార ప్రమాదంలో వేలికొసలు కోల్పోయి గిటారు మానివేయబోయిన టోనీ అయోమీ అనే యువకునికి, అతని పైఅధికారి వినిపించినది జాంగో రికార్డే. ఆ యువకుడు ఆపై బ్లాక్ సాబత్ బృందంతో లోకప్రసిద్ధుడైనాడు.

తరువాతి కథ చాలామందికి తెలిసినదే. 1934లో వయొలిన్ విద్వాంసుడు స్టెఫాన్ గ్రాపెల్లితో కలిసి పారిస్‌లో ఒక పంచవాద్య బృందం ఏర్పడింది. డోలు లేదు, బాకా లేదు, అన్నీ తంత్రీవాద్యాలే. మాకాఫెర్రి రూపకల్పనలో సెల్మర్ సంస్థ 1932 నుండి తయారు చేసిన గిటార్లు అతనికి అచ్చివచ్చాయి. ఇప్పుడు మాత్రం అతడు తన చేతికి తగిన వాద్యాన్ని తానే ఎంచుకున్నాడు.

యుద్ధకాలంలో నాజీలు రోమానీలను లక్షల సంఖ్యలో హతమార్చారు. ఆక్రమిత పారిస్‌లో జాంగో వాయిస్తూనే ఉన్నాడు. మేఘాలు అని అర్థమిచ్చే అతని ప్రసిద్ధ రచన న్యువాజ్ 1940 నాటిది. 1943లో స్విట్జర్లండుకు తప్పించుకోబోయి పట్టుబడి కూడ బ్రతికి బయటపడ్డాడు. 1946లో డ్యూక్ ఎలింగ్టన్‌తో అమెరికా పర్యటనకు గిటారు లేకుండానే వెళ్లాడు; అక్కడ ఇచ్చిన విద్యుత్ గిటారు అతనికి అలవాటైనది కాదు. కార్నెగీ హాలులో రెండవరాత్రి కచేరీకి ఆలస్యంగా చేరాడు. ఇటువంటి నిర్లక్ష్యం అతనికి కొత్త కాదు. జూదం, బిలియర్డ్స్ అతని కాలాన్ని ఎంతో మ్రింగివేశాయి. ప్రతిభను చూచి ఈ లోపాన్ని కప్పిపుచ్చడం నాకు ఉచితమనిపించదు.

చివరి సంవత్సరాలు సెన్ నదీతీరాన సామ్వా గ్రామంలో చేపలు పట్టుకుంటూ, చిత్రాలు గీసుకుంటూ గడిపాడు. 1953 మే 16న మెదడులో రక్తస్రావమై, నలుబది మూడవ ఏట మరణించాడు. అతని సెల్మర్ గిటారు, 503 సంఖ్య గలది, పారిస్ సంగీత ప్రదర్శనశాలకు చేరింది.